ఎడమ చెయ్యి

లూర్దమ్మ మొదటి ప్రశ్న వేసిందో లేదో, క్లాసంతా చేతులెత్తింది.

అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ట్రైనింగ్ స్కూలు నుంచి ఉప్పల్ పెంకుల బడికి ప్రాక్టీసుకు వచ్చినప్పటి నుంచి ఆమెకు రెండో తరగతే ఇచ్చారు. అక్కడ ప్రశ్నలూ చేతులెత్తడాలూ లేవు, ఎక్కాలు చెప్పిచెప్పి గొంతు బొంగురుపోయింది. చివరి వారం ఐదో తరగతి దొరికింది. దొరికిన మొదటి రోజే ఇన్ని చేతులు.

బోర్డు పక్కన రెండు మేకులకు పురికొస కట్టి, తడిపిన చేతిరుమాలు ఆరేసింది. పాఠానికి అదే ఆమె సామగ్రి.

"ఈ రుమాలు కాసేపట్లో ఆరిపోతుంది. ఎందుకు?" అని మళ్లీ అడిగి, కిటికీ పక్కన చాప మీద కూర్చున్న పిల్లను చూపించింది. "నువ్వు చెప్పమ్మా. నీ పేరేంటి?"

పిల్ల లేచింది. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది. నోరు మాత్రం తెరవలేదు.

"శాంతాబాయి టీచర్," పక్కపిల్ల అందించింది.

"చెయ్యెత్తావు కదా శాంతాబాయీ. మరి చెప్పు."

క్లాసు కిసుక్కుమంది. ముందు బెంచీలో క్రాపు నున్నగా దువ్వుకున్న కుర్రాడు లేచి, కొత్తగా చేరిన పిల్లకు బడి పద్ధతి చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పాడు.

"ఆమెను అడగొద్దు టీచర్. ఆమె ఎడమ చెయ్యి."

"ఎడమచేతి వాటమా?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది.

"గట్ల గాదు టీచర్. తెల్సినోళ్లు కుడి చెయ్యి ఎత్తాలె. తెల్వనోళ్లు ఎడమ చెయ్యి ఎత్తాలె. మీరు కుడి చేతులనే అడగాలె. పెద్దసారు జెప్పిండు."

లూర్దమ్మ క్లాసు వంక మళ్లీ చూసింది. ముందు బెంచీల్లో ల్యాబొరేటరీ ఉద్యోగుల క్వార్టర్ల పిల్లలు, ఉప్పల్ దుకాణాల వాళ్ల పిల్లలు. అన్నీ కుడి చేతులు. వెనక చాపల మీద మూసీ ఒడ్డున పచ్చగడ్డి కోసేవాళ్ల పిల్లలు, నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్ల పిల్లలు. అన్నీ ఎడమ చేతులు. తెలియదని చెప్పడానికి అంత నిటారుగా చెయ్యెత్తే పిల్లల్ని ఆమె ఎక్కడా చూడలేదు.

"కూర్చో శాంతాబాయీ," అంది.

క్రాపు కుర్రాడు చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. "నీరు ఆవిరిగా మారి గాలిలో కలియును."

మధ్యాహ్నం పిల్లలకు పాలపొడి కలపడం ట్రైనీల పని. పని అంటే, బడిలో పని అనేదంతా ట్రైనీలదే. వాళ్లు వచ్చిన మర్నాటి నుంచి సొంత టీచర్లు వేపచెట్టు కింద కుర్చీలు వేసుకున్నారు. ఒకావిడ స్వెట్టరు అల్లుతోంది. ఒకాయన వారపత్రికలో గళ్లనుడికట్టు పూర్తి చేస్తున్నాడు. ట్రైనీలు ఎలా చెబుతున్నారో చూద్దామని ఒక్కరూ ఏ క్లాసులోకీ తొంగిచూడలేదు.

పాండురంగ బకెట్‌లో గరిటె తిప్పుతున్నాడు. ఘట్‌కేసర్ నుంచి వచ్చిన ట్రైనీ. హెడ్మాస్టరు వంకాయ మడికి నీళ్లు పెట్టే డ్యూటీ కూడా అతనిదే.

"ఇంకో నెల ఉంటే నాకు ట్రైనింగ్ సర్టిఫికెట్ బదులు తోటమాలి సర్టిఫికెట్ ఇస్తరు," అన్నాడు.

"ఇచ్చినా తీసుకో. ఉద్యోగం రాకపోతే వంకాయలమ్ముకోవచ్చు," అంది మంగతాయారు. వాళ్ల నాన్న ల్యాబొరేటరీలో పని చేస్తాడు, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. లూర్దమ్మ పక్క మంచం, ట్రైనింగ్ హాస్టల్లో. ప్రాక్టీసు రోజుల్లో మాత్రం ఎవరిళ్ల నుంచి వాళ్లు వస్తున్నారు.

"ఎడమ చెయ్యి సంగతి మీకు ముందే తెల్సా?" లూర్దమ్మ అడిగింది.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"మొదటి రోజే తెలిసింది," అంది మంగతాయారు. "ఎంత హాయో. సీతారామయ్య సారు మార్కులెయ్యడానికి వచ్చి, నా పాఠం చూసి, క్లాసును కదిలించావమ్మా అన్నారు. కదిలించింది నేను కాదు, పెద్దసారు. నాకెందుకే, మార్కు పడింది."

"నాక్కూడ పడ్డది," అన్నాడు పాండురంగ, బకెట్‌లోకి చూస్తూ.

శాంతాబాయి సత్తుగ్లాసు పట్టుకుని వచ్చింది. లూర్దమ్మ పాలు పోసి, గ్లాసు వదలకుండా పట్టుకుంది.

"ఇక్కడ ఎవ్వరు లేరు. ఇప్పుడు జెప్పు. రుమాలు ఎందుకు ఆరింది?"

పిల్ల వేపచెట్టు వైపు ఓసారి చూసుకుంది.

"నీళ్లు ఎగిరిపోతయ్ టీచర్. ఎండకు ఎగిరిపోతయ్. గాలి గొడ్తే ఇంక జల్ది ఎగిరిపోతయ్."

"మరి తెల్సు గద. ఎడమ చెయ్యి ఎందుకు ఎత్తినవ్?"

"పోయినేడు గిట్లనే జెప్తే, నీళ్లకు రెక్కలొచ్చినయా అన్నడు పెద్దసారు. అందరు నవ్విన్రు. నువ్వు ఎడమ చెయ్యి ఎత్తుకో అన్నడు."

"ఎన్ని దినాలు ఎత్తమన్నడు?"

శాంతాబాయి ఆలోచించింది. "గది జెప్పలే."

*

పిల్లలు పెద్దసారు అనే హెడ్మాస్టరు జనార్ధనరావు ఆ ఊరివాడే. ఉర్దూలో చదువుకుని, పెద్దయ్యాక పుస్తకాల తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఒక్క అక్షరం జారనివ్వడు. లూర్దమ్మ చెప్పిందంతా విని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఆ కప్పు చూడమ్మా. రెండు సంవత్సరాల క్రితం వర్షం కురిస్తే ఐదవ తరగతి గొడుగుల కింద కూర్చునేది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఒక ప్రశ్న వేశారు. తరగతి మొత్తం చేతులెత్తింది. ఆయన సంతోషించి మంచి రిమార్కు వ్రాశారు. పెంకులు వచ్చాయి. ఎత్తింది ఎడమ చెయ్యా కుడి చెయ్యా అని పెంకులు అడగలేదు."

"ఎడమ చేతులు గూడ ఎత్తితేనే గద సార్ పెంకులొచ్చినయ్. మరి వాళ్లనెందుకు అడగరు?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ముందు నీ భాష సరిచేసుకో."

"క్లాసులనైతే పుస్తకం భాషే మాట్లాడుతున్న సార్."

"వరండాలో కూడా మాట్లాడు. గురువారం సీతారామయ్య గారు నీ పాఠం చూడటానికి వస్తున్నారు. కుడి చేతులను అడుగు. పాఠం బాగుంటుంది. నీవూ బాగుంటావు."

గురువారం సీతారామయ్య వచ్చాడు. ట్రైనింగ్ స్కూల్లో బోధనా పద్ధతులు చెప్పే లెక్చరరు. గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వెనక స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన కుర్చీలో జనార్ధనరావు. గోడ వారగా మిగతా ట్రైనీలు.

లూర్దమ్మ రుమాలు తడిపింది. గట్టిగా పిండకుండానే దండెం మీద వేసింది. ప్రశ్న అడిగింది.

చేతులు లేచాయి. సీతారామయ్య మొహం వికసించింది.

ముందు బెంచీలో క్రాపు కుర్రాడి చెయ్యి దాదాపు ఆమె ముక్కు దాకా వచ్చింది. ఆమె దాన్ని దాటి చూసింది.

"శాంతాబాయి చెబుతుంది."

వెనక కుర్చీ కిర్రుమంది. శాంతాబాయి లేచింది. టీచరు వంక చూసింది. ఆ తరువాత తల తిప్పి హెడ్మాస్టరు వంక చూసింది. పెదాలు కదిలాయి. రుమాలు నుంచి నీళ్లు నేల మీద టప్ టప్‌మని పడుతున్నాయి. క్లాసులో ఆ చప్పుడు ఒక్కటే.

లూర్దమ్మ ఆగింది. ఇంకా ఆగింది. పిల్ల తనంతట తనే కూర్చుంది.

ఆ తరువాత పాఠం చెయ్యి జారిపోయింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. బోర్డు మీద సారాంశం రాయడం మర్చిపోయి, గంట కొట్టాక గుర్తొచ్చింది.

"తెలియని పిల్లనే వెతికి పట్టుకున్నావేమ్మా?" అన్నాడు సీతారామయ్య బయటికొస్తూ. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. "ముందర అంతమంది చేతులెత్తారు. ప్రశ్న వేసే పద్ధతి నేను ఇదే నేర్పానా?"

అసలు సంగతి లూర్దమ్మ నోటి దాకా వచ్చింది. ఆయన భుజం మీదుగా మంగతాయారు కనిపించింది. వద్దు అన్నట్టు కళ్లతోనే బతిమాలుతోంది. ఇక్కడ ట్రైనీలందరి మార్కులూ కుడి చేతుల మీదే పడ్డాయి. ఇది బయటపడితే ఒక్క పెద్దసారు కాదు, అందరూ పడతారు.

"లేదు సార్," అంది.

సాయంత్రం గేటు దగ్గర శాంతాబాయి పలకసంచి నెత్తికి తగిలించుకుని నిలబడి ఉంది. ఆమె కోసమే నిలబడింది. మొహంలో కోపం.

"నన్నెందుకు అడిగినవ్ టీచర్? ఎడమ చెయ్యే గద ఎత్తిన."

"నీకు తెల్సు గదనే."

"తెల్సు. గని నా మాటలల్ల తెల్సు."

*

మర్నాడు హెడ్మాస్టరు పిలిచాడు.

"రేపు మీ ముగింపు సభ. ప్రతి సంవత్సరం ఒక ట్రైనీ లేచి, ఈ పాఠశాలలో శిక్షణ మాకు పూర్తి తృప్తినిచ్చింది అని చెబుతారు. ఈసారి నీవు చెప్పు."

"నేనా సార్?"

"నీవే. నీ పాఠం పాడైంది. మిగిలింది బడి మార్కు. అది నేను వేసేది. అది లేకపోతే ఈ సంవత్సరం సర్టిఫికెట్ ఉండదు. తృప్తి అనే మాట స్పష్టంగా పలుకు. త కింద ఋత్వం, ప కింద త."

నాచారంలో రేకుల గదుల లైన్లో లూర్దమ్మ ఇల్లు. తండ్రి పీటర్ ఫౌండ్రీ నుంచి వచ్చి, వాకిట్లో రాయి మీద కూర్చుని చేతులు తోముకుంటున్నాడు. సోడాతో తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. అయినా రోజూ తోముతాడు.

కూతురు చెప్పింది విని, "ఒక్క మాటే గద," అన్నాడు. "అనేసి రా. ఫోర్‌మన్ ముంగట మేం అంటలేమా? అంత మంచిగున్నది సార్, మస్తుగున్నది సార్."

"అక్కడ అనుడు, ఇంటికొచ్చి గోడకు తిట్లు జెప్పుడు," అంది తల్లి మరియమ్మ లోపలి నుంచి. ఆమె మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. "గోడ సగం అరిగింది."

"నీదేం బోతది? దీనికి సర్టిఫికెట్ రాకపోతే జూన్ల నీ పక్కనే కూసుంటది ప్యాకింగ్‌ల."

మరియమ్మ బయటికి వచ్చింది. మాత్రల పొడి పట్టి తెల్లబారిన వేళ్లను కొంగుకు తుడుచుకుంటూ కూతురి వంక చూసింది.

"నువ్వు ఆ పిల్లకు ఎడమ చెయ్యి ఎత్తొద్దని జెప్పినవా?"

"జెప్పలే."

"మరి నువ్వేం ఎత్తుతవ్ రేపు?"

ఆమె మామూలుగానే అడిగింది. పొయ్యి మీద అన్నం పొంగితే లోపలికి వెళ్లిపోయింది.

*

శనివారం ఐదో తరగతి బెంచీలు గోడకు జరిపారు. పిల్లలంతా చాపల మీద, వెనక. ముందు కుర్చీలో సీతారామయ్య, మెడలో బంతిపూల దండ. జనార్ధనరావు బడి గురించి, పెంకుల గురించి, క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. ఒక్క ఒత్తు తప్పలేదు.

"ఇప్పుడు ట్రైనీల తరపున కుమారి లూర్దమ్మ తమ అనుభవం చెబుతుంది."

లూర్దమ్మ లేచి బల్ల పక్కకు వచ్చింది.

"నన్ను ఒక్క మాట చెప్పమన్నారు," అంది, పుస్తకం భాషలోనే. "కానీ అది నా ఒక్కదాని మాట కాదు. అందరినీ అడగడం న్యాయం." ట్రైనీల వైపు తిరిగింది. "ఈ బడిలో మన ప్రాక్టీసు మనకు తృప్తినిచ్చిందా? చేతులెత్తండి."

అని, ముందు తనే ఎత్తింది. ఎడమ చెయ్యి.

జనార్ధనరావు సీతారామయ్య చెవిలో ఏదో చెబుతున్నాడు. ఇద్దరూ ఇంకా చూడలేదు.

పాండురంగ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె చేతిని చూశాడు. గోళ్లలో వంకాయ మడి మట్టి ఇంకా పోని తన చేతులు రెండూ చూసుకున్నాడు. ఎడమది ఎత్తాడు. అతని పక్కవాడు ఎత్తాడు. ఆ పక్కన రోజంతా మూడు క్లాసులకు ఒక్కతే కాపలా కాసిన అమ్మాయి. ఆ వెనక ఇద్దరు. ఒక్కొక్కటే లేచాయి, తొందర లేకుండా.

మంగతాయారు కుడి చెయ్యి అప్పటికే సగం లేచింది. అక్కడే ఆగింది. ఆమెకు మంచి మార్కు పడింది. ఆ మార్కు ఎలా పడిందో ఆమెకు తెలుసు. కుడి చెయ్యి దించింది. ఎడమది ఒక్కసారిగా పైకెత్తేసరికి గాజులు గలగలమంటూ మోచేతి దాకా జారాయి.

ఆ చప్పుడుకు సీతారామయ్య తలెత్తాడు.

"భేష్. అందరూ ఎత్తారే," అని ఆనందంగా చప్పట్లు కొట్టబోయాడు.

చాపల మీద నవ్వు మొదలైంది. ముందు ఒక మూల కిసుక్కుమంది. తరువాత వరుసలు వరుసలుగా పాకింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఎందుకు నవ్వుతున్నారర్రా?" అన్నాడు సీతారామయ్య.

నవ్వు ఠక్కున ఆగింది.

"పిల్లలు కదండీ," అన్నాడు జనార్ధనరావు. ఇప్పుడాయన చూశాడు. ఒక చివర నుంచి రెండో చివరకు అన్ని చేతులూ చూశాడు. ఏమనగలడు? చేతులు దించమంటే ఎందుకో చెప్పాలి.

"నవ్వు ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పండి. ఏమీ అనను."

కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. పైకి రావడానికి కాస్త తడబడింది. అలవాటు లేని చెయ్యి.

కుడి చెయ్యి.

"చెప్పమ్మా," అన్నాడు సీతారామయ్య.

శాంతాబాయి లేచి నిలబడింది. ఈసారి హెడ్మాస్టరు వైపు చూడలేదు.

"వాళ్లందరు ఎడమ చెయ్యి ఎత్తిన్రు సార్. కుడి ఎత్తితే తెల్సు అన్నట్టు. ఎడమ ఎత్తితే తెల్వదు అన్నట్టు. మీ అసుంటి పెద్దోళ్లు వస్తే అందరం ఎత్తాలె, కుడి చేతులోళ్లనే అడుగుతరు. పెద్దసారే నేర్పిండు." ఊపిరి తీసుకుంది. "మొన్న నేను గూడ ఎడమనే ఎత్తిన. గని నాకు తెల్సు సార్. నీళ్లు ఎగిరిపోతయ్."

ఎవరూ నవ్వలేదు.

"ఏంది గిది?" జనార్ధనరావు లేచాడు. "ఎవరు నేర్పిన్రే నీకు గీ మాటలు? గిట్లనేనా మాట్లాడేది సార్ ముంగట?"

అన్నాక తన మాట తీరు ఆయనకే వినిపించింది. చాపల మీద క్రాపు కుర్రాడు పక్కవాడితో గుసగుసగా అన్న మాట గది అంతా విన్నది.

"పెద్దసారు గూడ గట్లనే మాట్లాడతడు రా."

సీతారామయ్య మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు. ట్రైనీల చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

"నేను చూసిన పాఠాలన్నీ ఇంతేనా?"

"అన్నీ సార్," అన్నాడు పాండురంగ.

"నాది కూడా సార్," అంది మంగతాయారు.

"దించండి," అన్నాడాయన. ఆ రోజు సభ కోసం కాచిన చాయ్ ఎవరూ తాగలేదు.

*

సీతారామయ్య బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. నారపల్లి వైపు నుంచి రావాల్సిన బస్సు. ఎండ మండుతున్నా గొడుగు తెరవలేదు. లూర్దమ్మను పిలిపించాడు.

"మిగతావాళ్లకు ఒక్కో పాఠం మళ్లీ చూస్తాను. మొదటి చెయ్యి నీది కాబట్టి నీ బడి మార్కు మాత్రం హెడ్మాస్టరు వెయ్యనంటున్నాడు. ఆ అధికారం ఆయనకుంది, నేను కాదనలేను. నువ్వు ప్రాక్టీసు మొత్తం మళ్లీ చెయ్యాలి. పరీక్షలకు ముందే అయిపోవాలి."

"చేస్తా సార్."

"సికింద్రాబాదులో మంచి బడి ఉంది. టీచర్లు పక్కన కూర్చుని నేర్పుతారు. అక్కడ వేయిస్తాను."

"ఇదే బడి వెయ్యుండ్రి సార్."

ఆయన ఆమె వంక పరీక్షగా చూశాడు. "ఆయన ఒప్పుకోవాలి కదమ్మా."

"ఒద్దంటే ఎందుకొద్దో జెప్పాలె గద సార్. గది జెప్పలేడు."

సీతారామయ్య మూతి బిగించుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి.

"ఇంత జరిగాక అడుగుతున్నాను. నీకైనా తృప్తిగా ఉందా?"

"ఇంకా లేదు సార్. అందుకే ఇక్కడ వెయ్యుమంటున్న."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీలోంచి గొడుగు బయటికి చాపి, బడి వైపు చూపించాడు. సరే అన్నట్టా, జాగ్రత్త అన్నట్టా, ఆమెకు తెలియలేదు.

సోమవారం పొద్దున లూర్దమ్మ నాచారం నుంచి నడిచే వచ్చింది. జనార్ధనరావు వరండాలో నిలబడి ఉన్నాడు. ఆమె నమస్కారం పెట్టింది. ఆయన తల ఊపలేదు, తిప్పుకోనూ లేదు. ఐదో తరగతి తాళంచెవి గోడ గూటిలో పెట్టి పక్కకు జరిగాడు.

ఆమె బోర్డు తుడిచింది. పురికొస కట్టింది. రుమాలు తడిపి, ఈసారి గట్టిగా పిండి ఆరేసింది.

"వానాకాలంలో ఈ రుమాలు తొందరగా ఆరదు. ఎందుకు?"

పుస్తకంలో లేని ప్రశ్న. ముందు బెంచీలు మొహమొహాలు చూసుకున్నాయి. క్రాపు కుర్రాడి చెయ్యి లేవలేదు. బడి పద్ధతి ప్రకారం ఎడమది ఎత్తాలని కూడా అతనికి తోచలేదు. తనకే తెలియని ప్రశ్న అతనికి ఇంతవరకూ ఎదురుకాలేదు.

వరండాలో చెప్పుల చప్పుడు ఆగింది. తలుపు పక్క గోడ మీద ఒక నీడ నిలబడింది. లూర్దమ్మ అటు చూడలేదు.

కిటికీ పక్కన శాంతాబాయి రెండు చేతులూ ఎత్తింది.

"ఇదేందే, రెండెత్తినవ్?" అంది లూర్దమ్మ. క్లాసులో, బోర్డు ముందు, గట్టిగా.

"సగం తెల్సు టీచర్."

"ఆ సగం జెప్పు."